ఎవరి పెళ్ళికీ కాని పందిరి

నాగేశ్వరరావు ఇంటి ముందు పందిరి పడిందంటే ఊళ్ళో పెళ్ళి ఉందని కాదు, కొట్లాట ఉందని అర్థం.

ఈపూరు దాటి కాస్త లోపలికి పోతే వచ్చే ఆ ఊరికి రెండు బజార్లు. పై బజారంతా సుబ్బరామయ్య మనుషులు, కింది బజారంతా ధనలక్ష్మి మనుషులు. ఈ రెండు పార్టీలకీ పడదు. ఎందుకు పడదో తెలిసినవాళ్ళు పోయి చాలాకాలమైంది కానీ, పడకపోవడం మాత్రం పొలంలాగా వారసులకి అందుతూ వస్తోంది. పై బజారు గేదె తాగిన తొట్లో కింది బజారు గేదె మూతి పెట్టదు. రెండు బజార్లూ కలిసే మూల మీద నాగేశ్వరరావు ఇల్లు. గాలి ఎటు వీచినా దుమ్ము మాత్రం ఆయన అరుగు మీదే పడేది.

నాగేశ్వరరావు ఏ పార్టీ మనిషీ కాదు. పల్నాడులో ఏ పార్టీ కాకుండా మిరపతోట వేసుకుని బతకడమంటే ఇంట్లో ఒంటెను పెంచుకోవడం లాంటిది. తప్పేమీ లేదు కానీ వచ్చినవాళ్ళంతా నిలబడి చూస్తారు. అయినా ఆయన నెట్టుకొచ్చాడు. రెండు పార్టీల పెళ్ళిళ్ళకీ పోయి రెండు చోట్లా కడుపునిండా తినేవాడు. ఎవరేమడిగినా "చూద్దాం" అనేవాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే కూడా చూద్దామన్నాడు. ఆ చూడటం అయిందో లేదో తెలియకుండానే ప్రమీలమ్మ ఇన్నేళ్ళూ కాపురం చేసింది.

ఇక పందిరి సంగతి. గొడవ వాసన తగలగానే ఆయన తాటాకులతో పందిరి వేసి, అరటి బోదెలు కట్టి, మామిడి తోరణాలు వేలాడదీసేవాడు. పెళ్ళింటి మీద రాయి వేసినవాడి ఇంట్లో ఏడు తరాలు పెళ్ళిళ్ళు కావని ఆ ఊరి నమ్మకం. అందుకని రెండు పార్టీలూ ఆ పందిరి దాకా తరుముకుంటూ వచ్చి, పందిరి దగ్గర మర్యాదగా నడిచి, పందిరి దాటాక మళ్ళీ తరుముకునేవాళ్ళు. పెళ్ళి ఎవరిదని అడిగితే కూతురు సుప్రజది అని చెప్పేవాడు. పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే మొదటి పెళ్ళి నిశ్చయమైంది. ఆ తర్వాత ప్రతి ఎన్నికలకీ ఒక సంబంధం కుదిరేది, ఓట్ల లెక్కింపు కాగానే తప్పిపోయేది. అన్ని పెళ్ళిళ్ళు తప్పిన పిల్ల జిల్లా మొత్తం మీద మరొకతె లేదు.

ఆ సుప్రజ డాక్టరీ చదవడానికి పోయిన దేశం మీదకి పక్కదేశం యుద్ధానికొచ్చింది. ఆ దేశం పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు. అందరూ డాక్టర్ల దేశం అనేవాళ్ళు. పక్కదేశం పేరు తిరుగుతుంది కానీ, పక్కదేశం అనడమే సుఖంగా ఉండేది.

మొదటిరోజే సుబ్బరామయ్య పరామర్శకి వచ్చి, మన పిల్ల ఉన్న దేశం కాబట్టి పై బజారు మొత్తం డాక్టర్ల దేశం వైపేనని ప్రకటించి వెళ్ళాడు. అది విని కింది బజారుకి వేరే దారి లేకపోయింది. ధనలక్ష్మి వచ్చి ప్రమీలమ్మ చేతులు పట్టుకుని నిజంగానే ఏడ్చింది. ఏడ్చాక కళ్ళు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది.

"పిల్ల మీద మాకేం కోపం లేదొదినా. ఆయన అటు నిలబడ్డాక మేం ఇటు నిలబడాలిగా. ఏమనుకోబాక."

ప్రమీలమ్మ ఏమీ అనుకోలేదు. ఏమనుకోవాలో తెలియలేదు.

నాగేశ్వరరావుకి అసలే అర్థం కాలేదు. బాంబులు పడేది తన కూతురు ఉన్న ఊరి మీద. వేసినవాడిని తిడితే కింది బజారు నొచ్చుకుంటుంది. తిట్టకపోతే పై బజారు ఊరుకోదు. అందుకని వార్తలు శబ్దం లేకుండా చూసేవాడు. మొహం ఎలా పెట్టాలో తెలియక, మిర్చి రేటు చూస్తున్నప్పుడు పెట్టే మొహమే పెట్టుకుని కూర్చునేవాడు.

"ఏందిరా అబ్బాయ్, నీ కూతురు నెత్తిన బాంబులేత్తన్నారు. ఇంతకీ నువ్వెవురి పక్క?" అని సుబ్బరామయ్య నిలదీశాడు.

నా కూతురి పక్క అందామని నోటిదాకా వచ్చింది. అలాంటి పార్టీ ఒకటి ఉంటుందో ఉండదో తేలక, "చూద్దాం బాబాయ్" అన్నాడు.

మర్నాడు సుప్రజ ఫోన్ చేసింది. హాస్టలు కింద నేలమాళిగలో ఉన్నామని, నరసరావుపేట అమ్మాయి ఆసియా, మాచర్ల అబ్బాయి తేజ తనతోనే ఉన్నారని, సరిహద్దు దాకా ఒక బస్సు దొరికిందని చెప్పింది. దారినిండా చెక్‌పోస్టులే. ఏ చెక్‌పోస్టు ఎవరిదో అక్కడ నిలబడ్డవాళ్ళకే సరిగ్గా తెలిసినట్టు లేదట. ముందు పోయిన బస్సుని వెనక్కి పంపేశారట.

"మాది ఏ పార్టీ కాదని చెప్పుకుంటన్నాం నాన్నా. అట్టా అంటేనే ఇంకా అనుమానంగా చూత్తన్నారు."

యుద్ధం మొదలయ్యాక నాగేశ్వరరావుకి పూర్తిగా అర్థమైన మొదటి మాట అదే. ఆ యుద్ధం ఎవరిదో ఏమిటో తెలియకపోయినా, అది తమ ఊరి యుద్ధమేనని తెలిసిపోయింది. గొంతు సవరించుకుని, తన జీవితంలో నేర్చుకున్న ఒకే ఒక్క విద్య కూతురికి ఉపదేశించాడు.

"పందిరెయ్యండమ్మా."

"బస్సుకా?"

"బస్సుకే."

పిల్లలు బస్సుకి పందిరి వేశారు. హాస్టలు కర్టెన్లు తోరణాలయ్యాయి. టిష్యూ కాగితాలు మల్లెపూలయ్యాయి. ఆసియా తన పచ్చ దుపట్టా ముందు అద్దానికి కట్టింది. ప్రమీలమ్మ సూట్‌కేసులో అడుగున పెట్టి పంపిన పట్టుచీర కట్టుకుని సుప్రజ పెళ్ళికూతురైంది. తెల్లచొక్కా ఉన్న మగపిల్లాడు ఒక్కడే కాబట్టి తేజ పెళ్ళికొడుకయ్యాడు. మొదటి చెక్‌పోస్టు వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని, ఒక రొట్టె కానుకగా ఇచ్చి పంపారట.

ఈలోగా ఊళ్ళో యుద్ధం ముదిరింది. డాక్టర్ల దేశంలో ఏదో పట్నం పడిపోయిందని కింది బజారులో ఎవడో టపాకాయలు కాల్చాడు. పడలేదని పై బజారు వాళ్ళు కర్రలు తీశారు. ఆ పట్నం పేరు రెండు బజార్లలోనూ ఎవరికీ తెలియదు. నాగేశ్వరరావు అలవాటు ప్రకారం పొద్దున్నే లేచి తన ఇంటి ముందు కూడా పందిరి వేసేశాడు.

తోరణం చివరి ముడి వేస్తుండగా వీడియో కాల్ వచ్చింది. సుప్రజ మొహం, దాని వెనక బస్సు కిటికీ, కిటికీలోంచి లోపలికి దూరిన ఒక తుపాకీ గొట్టం కనిపించాయి. తుపాకీ వెనకాల మీసం ఇంకా సరిగ్గా రాని సైనికుడున్నాడు. వాడికి ఈ పెళ్ళి మీద నమ్మకం కుదరలేదు. పెళ్ళైతే మీ వాళ్ళేరని అడుగుతున్నాడట.

నాగేశ్వరరావు ఫోన్ పందిరి వైపు తిప్పాడు. సరిగ్గా అప్పుడే పై బజారు నుంచి సుబ్బరామయ్య మనుషులు, కింది బజారు నుంచి ధనలక్ష్మి మనుషులు కర్రలు పైకెత్తుకుని వచ్చి పందిరి ముందు ఎదురుపడ్డారు. ఫోన్లో అదంతా ఆ సైనికుడికి చక్కగా కనపడింది. వాడి కనుబొమలు పైకి లేచాయి.

"ఒరేయ్, పిల్ల చూత్తంది. నవ్వండ్రా," అంది ప్రమీలమ్మ, అరవకుండానే.

ముందుగా ధనలక్ష్మి తన కర్రతో సుబ్బరామయ్య కర్రని టక్కుమని కొట్టి, ఒక అడుగు పక్కకి వేసింది. ఆయన తెల్లబోయి, తిరిగి టక్కుమనిపించి, ఇంకో అడుగు వేశాడు. ఆ తర్వాత అందరూ అందుకున్నారు. ఆ ఊళ్ళో రెండు పార్టీల కర్రలూ మధ్యలో తలకాయ లేకుండా తగలడం అదే మొదటిసారి. కోలాటం ఎంత బాగా కుదిరిందంటే, సైనికుడు కూడా తుపాకీతో తాళం వేశాడు.

తాళం వేస్తూనే వాడు ఇంకొకటి అడిగాడు. ఆసియా అది అర్థం చేసుకుని సుప్రజకి చెప్పింది. సుప్రజ ఫోన్ దగ్గరగా పట్టుకుంది.

"పెళ్ళైతే తన ముందే కానియ్యమంటన్నాడు నాన్నా. పచ్చడి జాడీ మూతికి అమ్మ కట్టిన తాడుంది, పసుపుకొమ్ముంది. తేజ సరేనన్నాడు. కట్టించుకోనా, వద్దా?"

కోలాటం ఆగింది. రెండు బజార్లూ నాగేశ్వరరావు వైపు తిరిగాయి. ఆయన నాలుక మీదకి అలవాటైన మాట వచ్చి కూర్చుంది. కిటికీలో తుపాకీ గొట్టం కదల్లేదు. ఆ మాటకి అక్కడ చోటు లేదు.

"ఆ అబ్బాయోళ్ళది మాచర్లలో ఏ పార్టీయో," అని సుబ్బరామయ్య వెనకనుంచి గొణిగాడు. ధనలక్ష్మి కర్రతో ఆయన కాలు మీద పొడిచింది. అది కోలాటంలో భాగం కాదు.

నాగేశ్వరరావు నాలుక మీది మాటని మింగేశాడు.

"కట్టించుకో తల్లీ. ముందు మెడ దక్కనీ, తాడు సంగతి మనూళ్ళో తేల్చుకుందాం."

తేజ తాడు ఎత్తాడు. నూనె కారి ఎర్రబడ్డ తాడు. ఒక ముడి పడింది. ప్రమీలమ్మ గుప్పెడు బియ్యం ఫోన్ మీద చల్లింది. రెండు పార్టీల వాళ్ళూ చల్లారు. బియ్యంలో మునిగిపోయి ఫోన్ కట్ అయింది.

మళ్ళీ మోగేదాకా ఎవరూ ఇళ్ళకి పోలేదు. పందిరి కింద పై బజారు, కింది బజారు కలిసి కూర్చున్నాయి. ఎవరూ ఏ దేశం గురించీ మాట్లాడలేదు. పొద్దు వాలుతుండగా ఆసియా నుంచి రెండు మాటలు వచ్చాయి: దాటాం మామయ్యా. ప్రమీలమ్మ అప్పుడు ఏడ్చింది.

ప్రాణాలు దక్కాయని తెలిశాక ఊరు మామూలైపోయింది. ఒక ముడి పడినా పెళ్ళేనని పై బజారు తేల్చింది. మూడూ పడితేనే పెళ్ళని కింది బజారు పట్టుబట్టింది. కర్రలు మళ్ళీ బయటికొచ్చాయి. పందిరి విప్పడానికి వీల్లేకపోయింది.

సుప్రజ నరసరావుపేట నుంచి ఆటోలో దిగినప్పుడు పందిరి తాటాకులు ఎండి గలగలమంటున్నాయి. సూట్‌కేసు మోస్తూ వెనకాలే తేజ దిగాడు. అందులో ఖాళీ పచ్చడి జాడీ మాత్రమే ఉందట. దాన్ని మోయడానికి మాచర్ల కుర్రాడు ఎందుకు కావాల్సి వచ్చిందో ఎవరూ అడగలేదు. సుప్రజ మెడ నిండా చున్నీ చుట్టుకుని ఉంది. తల్లిని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత పందిరికేసి చూసి నవ్వింది.

రెండు బజార్లూ మెడలు సాచి నిలబడ్డాయి. నాగేశ్వరరావు కూతురిని పక్కకి పిలిచి, ఫోన్ కట్ అయ్యాక ఎన్ని ముళ్ళు పడ్డాయని మెల్లగా అడిగాడు. అది నాటకమేనా, కాదా? పందిరి విప్పమంటుందా, ఉంచమంటుందా?

సుప్రజ తేజ వైపు ఒకసారి చూసి, చున్నీ సర్దుకుంది.

"చూద్దాం నాన్నా," అని లోపలికి పోయింది.

నాగేశ్వరరావు అరుగు మీద కూలబడ్డాడు. ఆ మాట వినేవాళ్ళకి ఎలా ఉంటుందో ఆయనకి ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. గుమ్మంలో ప్రమీలమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.