పొయ్యి వెనక గోడ

శుక్రవారం చేపలు వేయించాక ముందు పొయ్యి వెనక గోడ తుడవాలి, ఆ తరవాతే నేను తినడానికి కూర్చోవాలి. ఇది మా అత్తగారు హిల్డా పెట్టిన రూలు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మొదటి శుక్రవారం, అందరితో పాటు కంచం పట్టుకుని కూర్చోబోయాను. "నూనె చల్లారితే గోడకి పట్టేస్తుందమ్మాయ్, చేప ఎక్కడికీ పారిపోదులే" అంది ఆవిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొత్త కోడల్ని కదా. గోడ తుడిచి వచ్చేసరికి చేప చల్లబడి మెత్తబడిపోయింది. అలా మొదలైంది. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్ళయినా రూలు మాత్రం బతికే ఉంది. విస్కాన్సిన్‌లో మా వైపు శుక్రవారం చేప లేని ఇల్లుండదు. మా ఆయన డ్వేన్ పట్టుకొస్తాడు, నేను పిండిలో ముంచి వేయిస్తాను. కరకరలాడుతూ తినేది ఆయన. "మా అమ్మ ఉన్నప్పుడు ఈ గోడ అద్దంలా ఉండేది" అని నోటినిండా చేపతో అనేదీ ఆయనే. ముప్పై నాలుగేళ్ళ నుంచి నేను చల్లారిన చేపే తింటున్నాను. ఇందులో పెద్ద కష్టమేముంది అంటారేమో. ఏమీ లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆ గోడకున్నది బూడిద రంగు రేకు. మా మామగారు కొట్టించింది. దాని కథ డ్వేన్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "మా నాన్న అమ్మకి చెప్పకుండా తెచ్చి కొట్టించాడు, తుడుచుకోవడానికి సులువని. అమ్మ ఒక్క మాట అంటే ఒట్టు! అంత నచ్చిందామెకి." ఆ రేకు నాకెప్పుడూ నచ్చలేదు. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుంటుంటే వానాకాలపు ఆకాశం ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూస్తున్నట్టుండేది. మార్చమంటే, "బాగానే ఉందిగా, పనికొస్తోందిగా" అనేవాడు. ఆయన పడవ మాత్రం మూడుసార్లు మారింది.

అలాంటి మనిషి పోయిన చలికాలం, "మార్లీ, వంటిల్లు బాగు చేయిద్దాం, గట్టూ అలమారలూ గోడా అన్నీ" అన్నాడు. నా చెవులు నేనే నమ్మలేదు. "గోడకి ఏ టైల్స్ వెయ్యాలో నీ ఇష్టం" అని కూడా అన్నాడు. నా ఇష్టం! ఇరవై రెండేళ్ళు స్కూలు వంటగదిలో మూడొందల మంది పిల్లలకి వండాను, అక్కడ నా ఏప్రాన్ ఏ రంగుండాలో కూడా ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మా ఊళ్ళో టైల్స్ షాపువాళ్ళు నమూనాకి ఒక్కో పలక ఇంటికిస్తారు. వాటిని గోడకి టేపుతో అంటించి వారం రోజులు చూసుకోవాలి, పొద్దుటి ఎండలో ఎలా ఉంది, సాయంత్రం దీపం వేస్తే ఎలా ఉంది అని. నేను నాలుగు తెచ్చి అంటించాను. అందులో ఒకటి ఆకుపచ్చది. ఒకచోట లేత, ఒకచోట ముదురు, పూత చేత్తో పూసినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. వారం రోజులూ కాఫీ కూడా తాగకుండా ముందు వెళ్ళి దాన్నే చూసేదాన్ని. అరవయ్యేళ్ళ దాన్ని, పలకని చూసి మురిసిపోయాను. ఎలా ఉందని డ్వేన్‌ని అడిగితే గాలానికి దారం చుట్టుకుంటూ, తలెత్తకుండానే, "అన్నీ బాగానే ఉన్నాయి" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఆడపడుచు జెనీస్ వచ్చింది. ఆమె ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. కోటు కూడా విప్పకుండా గోడ దగ్గరికి వెళ్ళి, పచ్చ పలకని గోటితో తట్టింది.

"ఇదా? అయ్యో వదినా! ఇది చూస్తే జనం గుమ్మంలోంచే వెనక్కి పోతారు. తెల్లది వేయించు. తెలుపుకి ఎవరూ వంక పెట్టరు."

"ఏ జనం? ఇక్కడ వండేది నేనేగా" అన్నాను.

"అబ్బ, నీ కోసం కాదు వదినా, కొనేవాళ్ళ కోసం కదా ఇదంతా." నా మొహం చూసి ఆగిపోయింది. "అన్నయ్య చెప్పలేదా నీకు?"

నేను కాఫీ పోస్తున్నాను. కప్పు నిండి పళ్ళెంలోకి పొర్లింది. దాన్ని కూడా తుడిచాను, ఇంకేం చెయ్యను? జెనీస్ గబగబా చెప్పుకుపోయింది. జూన్‌లో ఇల్లు అమ్మకానికి పెడతారట. ఉత్తరాన సరస్సు ఒడ్డున డ్వేన్‌కి ఉన్న చెక్క ఇంటికి మకాం మార్చేస్తామట. సంచిలోంచి కాగితాలు తీసి గట్టు మీద పెట్టింది. "కాపురముంటున్న ఇల్లు కదా, ఇద్దరూ సంతకం పెట్టకపోతే అమ్మడానికి కుదరదు. ఊరికే తతంగంలే, ఆ బాణం గుర్తులున్న చోట్ల పెట్టెయ్. అన్నయ్య పెట్టేశాడు." నిజమే, పెట్టేశాడు. అంటే నేను పలకలు అంటించుకుని మురిసిపోతున్న వారమంతా ఆ సంతకం జెనీస్ సంచిలోనే ఉందన్నమాట.

సాయంత్రం డ్వేన్‌ని అడిగాను. "చెబుదామనే అనుకున్నా. నువ్వు అనవసరంగా గాభరా పడతావని..." అన్నాడు. ఆ చెక్క ఇల్లు నాకు తెలీనిదా? రెండు మంటల పొయ్యి, పక్కన గిన్నెలు కడగడానికి బకెట్టు పట్టేంత తొట్టి. ఏటా వేసవి రెండు వారాలు అక్కడ ఆయనా, ఆయన స్నేహితులూ పడవ మీద ఉంటారు, నేను పొయ్యి దగ్గర ఉంటాను. దాన్నే సెలవులంటారు మా ఇంట్లో. "రోజూ తాజా చేప, మార్లీ! మనకి ఇంకేం కావాలి?" అన్నాడు. రోజూ చేప అంటే రోజూ గోడ. ఆయనకి ఆ లెక్క తట్టలేదు. నేను సరుకుల గదిలోకి వెళ్ళి బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని ఏడ్చాను. పలక కోసం ఏడ్చానో ఇంటి కోసం ఏడ్చానో చెప్పలేను. నన్ను అడగలేదనే ఏడ్చుంటాను. మర్నాడు జెనీసే ఫోను చేసి తెల్ల పలకలు తెప్పించింది. నేను టేపులు ఊడదీసి నమూనాలు షాపుకి తిరిగిచ్చేశాను.

మే నెల మొదట్లో చేపల కాలం మొదలవగానే డ్వేన్ సరస్సుకి వెళ్ళాడు, శుక్రవారం వస్తానని. గట్టూ అలమారలూ అప్పటికే అయిపోయాయి, మంగళవారం గోడ పనికి లెరాయ్ వచ్చాడు. మా చర్చివాడే, నలభై ఏళ్ళుగా ఊళ్ళో సగం ఇళ్ళకి టైల్స్ వేసిన మనిషి. రేకు అంచున ఉలి పెట్టి లాగాడు. మేకులు కిర్రుమన్నాయి. రేకు ఊడి చేతిలోకి రాగానే, "మార్లిస్, ఓసారి ఇటు రా" అని నా పూర్తి పేరుతో పిలిచాడు.

గోడ మీద మూడు రంగుల మచ్చలున్నాయి. ఒక్కొక్కటి అరచేయంత. గులాబి, నీలం, పసుపు. ఏది బావుంటుందో చూసుకోవడానికి కుంచెతో పక్కపక్కనే పూసినవి. పసుపు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంది. కింద మా అత్తగారి పొందికైన అక్షరాలు: "ఇది. వంటింటికంతా. మే 1961."

పొద్దుటి ఎండ దాని మీదే పడింది. అరవై ఏళ్ళ నాటి పసుపు, నిన్న వేసినట్టుంది. రేకు కింద ఉంది కదా, దానికి నూనె మరక ఒక్కటి కూడా అంటలేదు.

ఒక్క మాట అంటే ఒట్టు! అంత నచ్చిందామెకి!

ఆవిడంటే నాకు ఎప్పుడూ ప్రేమ లేదు, ఇప్పుడు ఉన్నట్టు నటించను. కానీ అక్కడ నిలబడి ఆలోచించాను. నేను రాకముందు ఆవిడ గోడ తుడుస్తున్నప్పుడు ఆవిడ చేప కూడా చల్లారిపోయే ఉండాలి కదా? నేను వచ్చిన తరవాత కూడా అందరూ తిని లేచాక చివర్న కూర్చునేది. అలవాటేమో అనుకునేదాన్ని. తనకి నచ్చని రేకునే అంతంతసేపు రుద్దింది. ఆ గుడ్డ నా చేతిలో పెట్టి పోయింది, ఇంకేమీ ఇవ్వడానికి లేక.

"లెరాయ్, ఆ తెల్ల పలకల పెట్టెలు నా కారులో పెట్టు" అన్నాను. "మార్చుకొస్తాను."

లెరాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "డ్వేన్‌కి ఓ మాట చెబితే..."

"నువ్వు టైల్స్ గోడకి వేస్తావా, డ్వేన్‌కి వేస్తావా?"

పాపం, టోపీ పెట్టుకుని పెట్టెలు కారుకి మోసుకెళ్ళాడు. గురువారం సాయంత్రానికి గోడంతా ఆకుపచ్చగా అయింది. ఆ పసుపు మచ్చ మళ్ళీ మరుగున పడిపోయింది. దాన్ని వదిలేసి చుట్టూ వెయ్యమందామా అని ఒక్క క్షణం అనిపించింది. అడగలేదు. ఆవిడ కోరుకున్నది అరచేయంత మచ్చ కాదు కదా, వంటిల్లంతా.

శుక్రవారం డ్వేన్ చేపలతో వచ్చాడు. గోడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "కొనేవాళ్ళకి ఇది నచ్చదు" అన్నాడు. నేను చేపలు శుభ్రం చేసి, పిండి కలిపి, వేయించాను. చిటపటమని నూనె కొత్త పలకల మీద పడింది. ఆయనకి వడ్డించాను. నాకూ వడ్డించుకున్నాను. పొయ్యి ఆపేసి ఆయనకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గోడ తుడవలేదు" అన్నాడు.

"చూశాను."

"నూనె చల్లారితే పట్టేస్తుంది మార్లీ."

"పట్టనీ." జెనీస్ కాగితాలు ఆయన వైపు జరిపాను. బాణం గుర్తులున్న చోట నా గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి. "నేను సంతకం పెట్టను డ్వేన్. నువ్వు సరస్సుకి వెళ్ళాలంటే వెళ్ళు. నేను ఇక్కడే ఉంటాను."

ఆయన కాగితాల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. పిచ్చిదాన్ని, ఆ క్షణంలో కూడా నాకో ఆశ. ఎందుకని అడుగుతాడేమో, నువ్వు లేకుండా ఎలా అంటాడేమో అని ఎదురుచూశాను. ఆయన నిజంగానే ఏమీ తోచని మొహంతో అడిగాడు.

"మరి అక్కడ నాకెవరు వండిపెడతారు?"

నేను చేప ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక చుర్రుమని కాలింది. ఈ ఇంట్లో శుక్రవారం చేప నా నోరు కాల్చడం అదే మొదటిసారి.