అరవయ్యో ఏటి మినహాయింపు

యాభై తొమ్మిది నిండాయి కదా, నిండాక ఇంకేమిటి, పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిది దాకానే ఉపవాసమని కతోలిక శ్రీసభ చట్టంలో స్పష్టంగా ఉంది, పోయిన నెల పదకొండో తేదీతో తన గడువు తీరిపోయింది, ముప్ఫై నాలుగేళ్లు కోర్టులో తీర్పులు టైపు చేసినవాడికి తేదీల సంగతి ఇంకొకరు చెప్పాలా, అందుకే తపస్సు కాలం మొదలయ్యే ఈ విభూది బుధవారం ఆసుపత్రి క్యాంటీన్‌లో రెండు గుడ్ల ఆమ్లెట్టు, నాలుగు రొట్టెముక్కలు ముందు పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు, మాంసం మానడానికి మాత్రం వయసు మినహాయింపు లేదు, అదీ తెలుసు, అయితే గుడ్డు మాంసం కాదు, ఆ సంగతి ఫాదరుగారిని అడిగి ఏనాడో రూఢి చేసుకున్నాడు, ఉపవాసం రోజున ఒక నిండు భోజనం, రెండు చిన్నవి, ఆ రెండూ కలిపినా నిండుదానికి సమానం కాకూడదు, ఇదీ రూలు, నిండుదాన్ని ఎంత పెంచితే చిన్నవి అంత పెరగొచ్చని టైపిస్టు బుర్రకు తట్టడానికి ఎంతసేపు పట్టింది గనక, నలభై ఒక్క ఏళ్లు రూలు తప్పకుండా, ఆకలి ఎరగకుండా నెట్టుకొచ్చాడు, భార్య మాత్రం పొద్దుగూకేదాకా మంచినీళ్లే, ఒక్క మాటా అనేది కాదు, ఆ అనకపోవడమే గొంతులో ముల్లులా ఉండేది, ఇవాళా అనకుండా ఉంటే బాగుండేది.

అన్నది, స్ట్రెచర్ మీద పడుకుని మరీ అన్నది, పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ పదకొండింటికి, ఏమీ తినొద్దు, నీళ్లు కూడా తాగొద్దన్నారు, అయినా తెల్లారగట్ల గుడికి వెళ్లి నుదుటి మీద విభూది పెట్టించుకునే వచ్చింది, నర్సు దాన్ని దూదితో తుడిచేస్తుంటే ఆవిడ బెంగ అంతా ఉపవాసం గురించే, ఇది లెక్కలోకి రాదండీ, డాక్టరు తినొద్దంటే తినలేదు, నేనై నేను మానలేదుగా అంటూ, జబ్బు మనిషికి ఉపవాసం లేదు, నీకూ మినహాయింపే అని తను ఓదార్చబోయాడు, మీకు వయసు మినహాయింపు, నాకు జబ్బు మినహాయింపు, మరి ఇవాళ మనింట్లో ఉపవాసం ఎవరున్నట్టండీ అన్నది, అంతలో ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకున్నాయి, ఇన్నేళ్లలో ఎంతమంది వకీళ్లు అడ్డుప్రశ్నలు వేయగా వినలేదు, ఒక్కడూ ఇలా నోరు కట్టేయలేదు.

ముక్క తుంచాడు, నోటిదాకా తెచ్చి మళ్లీ పళ్లెంలోనే పెట్టేశాడు, ఇదేం చోద్యం, ఘుమఘుమలాడుతోంది, మిరియాలూ పడ్డాయి, ఇందాక ఆవిడ ఉంగరం వేలినుంచి రాకపోతే నర్సు దాని మీద ప్లాస్టరు చుట్టింది, ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో, ఒకసారి కాఫీలో పాలు పోసుకుంటే ఉపవాసం చెడుతుందా అని ఫాదరుగారిని అడిగాడు, ఆయన నవ్వి, రోజూ మనల్ని నింపేవాటిని కాసేపు పక్కన పెట్టి చూడండి, ఆ ఖాళీలో మన ఆకలి అసలు దేనికోసమో తెలుస్తుంది, దేవుడికి కాస్త చోటూ దొరుకుతుంది అన్నాడు, తను ఎంతో శ్రద్ధగా విని, అంటే పాలు పోసుకోవచ్చన్నమాటే కదా అన్నాడు, అబ్బ, ఏం మనిషి తను, ఇంతలో క్యాంటీన్ ఆవిడ వచ్చి బాగోలేదా బాబుగారూ, వేడి చేసివ్వనా అంది, బాగానే ఉందమ్మా, ఆకలి లేదు అన్నాడు, అబద్ధం, కడుపు నకనకలాడుతోంది, సరే, భార్య తరఫున తనే వకాలతు పుచ్చుకుంటాడు, ఇంటికొక్కరైనా ఉండాలిగా, పక్క బల్ల దగ్గర తల్లిని వార్డులో చేర్చి వచ్చిన లారీ డ్రైవరు టీ నీళ్లతో సరిపెట్టుకుంటున్నాడు, ఎంగిలి పడలేదు బాబూ అని పళ్లెం అతని ముందుకు జరిపి, మెట్లెక్కి పైకి వెళ్లాడు.

పిత్తనాళంలో రాయి ఇరుక్కుందట, ఇంకొంచెం టైం పడుతుందట, నర్సు చెప్పి లోపలికి వెళ్లిపోయింది, జపమాల తీశాడు, ఎన్నో పూసలో ఉన్నాడో మరిచిపోయాడు, కామా పోయినా పసిగట్టే కళ్లు, పూసల లెక్క తప్పడమేమిటి, మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తప్పాడు, చివరికి లెక్క వదిలేసి ప్రభువా, ఆవిడ, ప్రభువా, ఆవిడ, అంతే, అదే జపమైపోయింది, అలా ఎంతసేపో, నర్సు భుజం తట్టేదాకా, బాగా జరిగిందండీ, స్పృహ వచ్చింది, కళ్లు తెరవగానే ఆయన తిన్నారా అని అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు అంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, లేదమ్మా, ఉపవాసం అన్నాడు, ఇంతసేపా, మూడున్నర కావస్తోందండీ అంది నర్సు, తలెత్తాడు, గోడ గడియారం ఎదురుగానే ఉంది, నలభై ఒక్క ఏళ్లుగా ఉపవాసం రోజున పావుగంటకోసారి గడియారం చూసి తర్వాతి తిండికి గంటలు లెక్కపెట్టినవాడు ఇవాళ ఒక్కసారైనా దానివంక చూడలేదు, చట్టం తనను వదిలేశాక, ఈ అరవయ్యో ఏట, మొట్టమొదటిసారి ఉపవాసం ఉన్నాడు.