కొసరు గాలి

మా షాపులో గాలి కొట్టించుకుని వెళ్లిన బండి టైరు దారిలో పేలుతుందేమో, లోపలున్నవాళ్లకు ఏమన్నా అవుతుందేమో అన్నదే అన్నిటికంటే నాకు పెద్ద భయం. బల్లి, కరెంటు, మా అత్తమ్మ, అన్నీ దాని తరవాతే. పాప పుట్టాక ఈ జబ్బు మరీ ముదిరింది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఊపిరి తగులుతుంది. సరేలే అని లేచి, తలుపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి చూస్తాను. ఇప్పుడు దానికి మూడేళ్లు. నా వేలు తగిలితే చాలు, కళ్లు కూడా తెరవకుండా "ఉన్న మమ్మీ" అంటుంది.

నాచారం పారిశ్రామికవాడ రోడ్డు మీద మాకో టైర్ల షాపు ఉంది. మా మామగారు దేవానందం పెట్టిన షాపు. ఇప్పుడు మా ఆయన రవి కుమార్ నడుపుతున్నాడు. నా పేరు దోర్కా, తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. పెళ్లయ్యాక నాకు గాలి పైపు చేతికిచ్చారు. తొమ్మిదో తరగతి చాలదనిపించే పని ఇంతవరకు నాకు తగల్లేదు, ఇప్పుడు చెప్పబోయేది తప్ప.

మా మామగారు ఒక అలవాటు పెట్టి పోయారు. కూరగాయలామె తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తుంది చూడండి, అలాగే దూరం వెళ్లే బండికి ఆయన అడిగినదానికంటే కాస్త ఎక్కువ గాలి కొట్టేవారు. "దూరం బోయేటోనికి కొసరు బెట్టాలె బిడ్డా, మన చెయ్యి ఆని ఎంబడి పోతది" అనేవారు. లారీ వాళ్లకు ఇది ఎంత అలవాటయిందంటే, మేం మరిచిపోతే వాళ్లే అడుగుతారు.

ఇలాంటి షాపుకు పోయిన ఏడాది ఒక పసుపుపచ్చ కారు వచ్చింది. ఎంత పొట్టి కారంటే, మా గల్లీ స్పీడు బ్రేకరు దగ్గర అది ఏటవాలుగా, బుర్ర పక్కకు తిప్పుకుని, మేక గోడ ఎక్కినట్టు ఎక్కింది. అందులోంచి వంశీకృష్ణ అనే ఆయన దిగాడు. కాకినాడ వాళ్లు, బోడుప్పల్‌లో అపార్ట్‌మెంటు, కంప్యూటర్ ఉద్యోగం. నాకంటే ఆరేళ్లు పెద్ద, అయినా నన్ను అక్కా అంటాడు. షాపులో కూర్చున్న ఆడమనిషి ఊరందరికీ అక్కే.

ఆ కారుకు నంబరు ప్లేటు, కాగితాలు, అన్నీ ఉన్నాయి. రోజూ ఆఫీసుకు దాంట్లోనే వెళ్తాడు. కానీ ఏడాదికి మూడు నాలుగుసార్లు దాన్ని చెన్నై దగ్గరున్న రేసు ట్రాక్‌కు తీసుకెళ్తాడట. ట్రాక్ డే అంటారట. ఆ రోజు మామూలు మనుషులు సొంత కార్లు తెచ్చుకుని ట్రాక్ మీద ఇష్టమొచ్చినంత వేగంగా తిప్పుకోవచ్చు.

"పందెమా సార్?" అన్నాను.

"పందెం కాదక్కా. ఎవరినీ గెలవక్కర్లేదు."

"ఎవలనీ గెల్వనిదానికి గంత స్పీడు ఎందుకు సార్?"

ఆయన నవ్వి, టైర్ల సంగతిలోకి దిగాడు. అన్నిటికంటే మెత్తటి టైర్లు కావాలన్నాడు. అవే వేసుకుని ఆఫీసుకూ వెళ్తాడట, ట్రాక్‌కూ వెళ్తాడట. మా ఆయన "గట్లనే సార్, తెప్పిస్తం" అనబోతుంటే నేను అడ్డం పడ్డాను. టైరు పక్కన అరుగుదలకు ఒక నంబరు అచ్చుపోసి ఉంటుంది. అది ఎంత తక్కువైతే రబ్బరు అంత మెత్తన. ఈ ఒక్క ముక్క నాకు తెలుసు. మిగతాది నా బుర్రలోంచి వచ్చింది.

"సార్, బడిల మెత్త రబ్బరు కొంటిమనుకో. కాయితానికి మంచిగ పట్టుకుంటది, నెలకు ఒడుస్తది. గట్టి రబ్బరు ఏడాది ఉంటది, గని తుడుస్తుంటే జారుతది. మెత్తది ఏస్కొని మీరు దినాం బోడుప్పల్ల ఫ్లైఓవర్ పిల్లర్ల కింద గుంతలల్ల తిరిగితే ట్రాక్ కాడికి పొయ్యేసరికే సగం ఒడుస్తది. పైకెల్లి దానికి గాట్లు తక్కువుంటయి, నీళ్లు బయటికి పోవు. ఉప్పల్ రింగురోడ్డు కాడ వాన గొట్టిందనుకో, మీది కారు గాదు, పడవ."

వంశీ సార్ నోరు తెరిచి నావైపు చూశాడు. మా ఆయన కూడా చూశాడు. నాకు మాత్రం ఒళ్లు రెండించులు పెరిగినట్టనిపించింది. చివరికి రెండు సెట్ల చక్రాలు అన్నదే ఖాయమైంది. రోడ్డు టైర్లు కారుకే ఉంటాయి. మెత్తటివి విడిగా నాలుగు చక్రాలకు ఎక్కించి మా షాపులోనే ఉంచుతాం. ట్రాక్ డే ముందు ఆయన స్నేహితుడు శశిధర్ వ్యాన్‌లో వేసుకుని వెళ్తాడు. అక్కడికి వెళ్లాక మార్చుకుంటారు.

అప్పట్నుంచి నేను టైర్ల పండితురాలినైపోయాను. ఫోన్లో వీడియోలు చూసేదాన్ని. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం వంశీ సార్‌ను అడిగేదాన్ని. ట్రాక్ మీద గాలి లెక్కే వేరు. చల్లగా ఉన్నప్పుడు ఇరవై ఎనిమిది పెట్టాలి. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు కాగి, లోపలి గాలి ఉబ్బి, ముప్ఫై మూడు దాకా వస్తుంది. అక్కడ టైరు నేలను నిండుగా పట్టుకుంటుంది. అంతకు బాగా మించితే పూరీలా పొంగి నడిమధ్య మాత్రమే ఆనుతుంది. మలుపులో బండి జారుతుంది.

ఇదంతా ఆయన మరిచిపోతాడేమోనని మా పాప టీకాల కార్డు చూసి అలాంటిదే ఒకటి గీసి ఇచ్చాను. నాలుగు చక్రాలకు నాలుగు వరసలు, చల్లగా ఎంత, వేడిగా ఎంత, తేదీ. కింద "తప్పక తీసుకురావలెను" అని కూడా రాశాను, టీకాల కార్డు మీద ఉంది కాబట్టి. మా ఆయన అది చూసి, "నువ్వు టైర్ల డాక్టరువు గాదే, టైర్లకు అత్తవు. కోడలు తిన్నదా, పన్నదా, ఊపిరి దీస్తుందా, అన్నీ నీకే గావాలె" అన్నాడు. వంశీ సార్ మాత్రం ఆ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. రెండు ట్రాక్ డేలకు దాన్నే నమ్ముకుని వెళ్లాడు, బాగా జరిగింది.

మూడోది మొన్న ఫిబ్రవరిలో. గురువారం పొద్దున నాలుగు చక్రాలకూ ఇరవై ఎనిమిది పెట్టి, కార్డులో రాసి, కార్డు వంశీ సార్‌కు ఇచ్చాను. సాయంత్రం శశిధర్ వ్యాన్ వచ్చింది. అప్పుడే మా అత్తమ్మ సారమ్మ చేతిలో చర్చిలో ఇచ్చిన ప్రార్థన నూనె సీసాతో బయటికి వచ్చింది. షాపులోంచి దూరం వెళ్లేవి ఏవైనా సరే, తలా ఒక చుక్క రాయందే ఆమెకు నిద్ర పట్టదు.

"అత్తమ్మా, ఆగు! రబ్బరుకు నూనె తగలొద్దు, జారుతది!"

"దేవుని నూనె జారుతదే? ఎవలన్న ఇంటె నవ్వుతరు."

"దేవునిదైన నూనె నూనెనే. వ్యాన్‌కు రాయి, గది మనది గాదు గద."

అత్తమ్మ మూతి ముడుచుకుని వ్యాన్ తలుపుకు రాసి వెళ్లింది. నేనొక పెద్ద ప్రమాదం తప్పించానని మురిసిపోయాను. ఆ మురిపెంలోనే, చేతిలో పైపు ఉంది కదా, వ్యాన్ దూరం పోతోంది కదా, అందులో ఎక్కించే ఆ నాలుగు ట్రాక్ చక్రాలకూ తలా కాస్త కొసరు కొట్టాను. తలుచుకుని కొట్టింది కాదు. చెయ్యి కొట్టింది. శనివారం పొద్దున తొమ్మిది దాకా నాకు ఆ సంగతి జ్ఞాపకం కూడా లేదు.

తొమ్మిదికి ఒక లారీ ఆగింది. గాలి చూసి లేవబోతుంటే డ్రైవరు, "ఏంది అక్కా, విజయవాడ బోతున్న, కొసరు మర్శిపోయినవ్?" అన్నాడు.

పైపు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

మా ఆయన కార్ల కింద పనిచేసే అలైన్‌మెంట్ గుంతలో ఉన్నాడు. ఒంగి చెప్పాను.

"ఎంత గొట్టినవ్?"

"అందాదగ ఐదు."

"నాలుగింటికా?"

"నాలుగింటికి."

ఆయన చేతిలో స్పానర్ కింద పెట్టాడు. "వంశీ సార్ సదువుకున్న మనిషి. గేజు బెట్టి సూస్కోకుండ ట్రాక్ ఎక్కుతడా? ఎక్కువుంటె తీసేస్తడు. జర ఫికర్ బంజెయ్."

మాట సబబుగానే ఉంది. అది సబబుగా ఉందని నాకు ఒక నిమిషం పాటు అనిపించింది కూడా. తరవాత వంశీ సార్‌కు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. తొమ్మిదిన్నరకు ట్రాక్ తెరుస్తారని ఆయనే చెప్పాడు. చల్లగా ముప్ఫై మూడు ఉన్న టైరు కాగితే ముప్ఫై ఎనిమిది దాటుతుంది. నా కళ్ల ముందు నాలుగు పూరీల మీద ఒక పసుపుపచ్చ కారు మలుపు తిరుగుతోంది.

ఇక ఉన్నది ఆయన భార్య ధనశ్రీ నంబరు. ఒకసారి కారు దింపడానికి వచ్చినప్పుడు ఇచ్చింది. నెమ్మదైన పిల్ల. టైర్ల గురించి అడిగితే, "నల్లగా ఉంటాయని తెలుసండీ" అని నవ్వింది. ఆమెకు చేశాను.

"హలో మేడం, నాచారం టైర్ల షాపు దోర్కాను. ముందుగాల మీరు గాబరా పడొద్దు."

అవతల ఏదో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఏమైందండీ? వంశీకి ఏమైంది?"

"ఏం గాలే మేడం. ఇంకా ఏం గాలే."

ఆ 'ఇంకా' నోట్లోంచి బయటపడ్డాక దాన్ని లోపలికి లాక్కునే దారి లేదు.

"ఇంకా అంటే ఏంటండీ?"

"టైర్లల్ల గాలి ఎక్కువున్నది. నేనే కొట్టిన."

"ఎందుకు కొట్టారు?"

"మంచిగుంటదని."

"ఎక్కువుంటే ఏమవుతుంది?"

ఇక్కడ తెలివిగలది ఎవరైనా ఏమీ కాదండీ అంటుంది. నేను చల్లటి లెక్క, వేడి లెక్క, పూరీ, మలుపు అన్నీ చెప్పాను. నేను చెప్పడం ఇంకా అయిపోలేదు. "నేను శశిధర్‌కి చేస్తాను" అని పెట్టేసింది.

ఆ తరవాత పదకొండు నిమిషాలు. గోడ గడియారం కింద నిలబడి లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. అత్తమ్మ కుర్చీలో కూర్చుని పైకే ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో ఒక కన్ను తెరిచి, "నూనె రాయనిస్తివా?" అంది. లారీ డ్రైవరు కూడా కదల్లేదు. విషయం తెలిసింది కదా, ఏమయిందో చూసి పోతానన్నాడు. మా పాపను ఎత్తుకుని నిలబడ్డాను. అది దిగుతానని గింజుకుంటే, గట్టిగా పట్టుకున్నాను. ఎవరినో ఒకరిని పట్టుకోవాలి.

ఫోన్ మోగింది.

"అక్కా, ఏంటి గొడవ? ధనశ్రీ ఏడుస్తోంది. హెల్మెట్ పెట్టుకుని లైన్లో ఉన్నాను, నా ముందు రెండే కార్లున్నాయి. శశి పరిగెత్తుకుంటూ వచ్చి అద్దం కొట్టాడు."

"సార్, మీరు గాలి సూసిన్రా?"

"చూశాను. నా గేజు నాలుగింటికీ ముప్ఫై మూడు చూపించింది. మీ కార్డులో ఇరవై ఎనిమిది ఉంది. ఒకదానికి తేడా ఉంటే వేరు, నాలుగింటికీ సరిగ్గా అయిదే తేడా ఉంటే గేజే పాడైందనుకున్నాను. మీరు తప్పు రాయరు కదక్కా."

షాపులో అందరూ నా ముఖమే చూస్తున్నారు. లారీ డ్రైవరు కూడా. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో సున్నా వచ్చినప్పుడు కూడా నా చెవులు అంత వేడెక్కలేదు.

"సార్, కార్డు కరెక్టే. గేజు గూడ కరెక్టే. నడుమల నేనే తప్పు. ఐదు ఎక్కువ కొట్టిన. మీకు జెప్పలే. తీసెయ్యిండ్రి సార్, జల్ది తీసెయ్యిండ్రి."

ఆయన "లైన్లోంచి పక్కకు తీస్తున్నాను" అన్నాడు. ఫోన్ పెట్టలేదు. కారు తలుపు శబ్దం వినిపించింది, తరవాత బుస్సుమని గాలి పోయే శబ్దం. నాలుగుసార్లు. నాలుగోది అయ్యాక నేను కింద కూర్చుండిపోయాను. మా పాప చల్లగా జారుకుంది.

ఆ రోజు ట్రాక్ మీద ఏ చెడూ జరగలేదు. తిరిగిన ప్రతిసారీ ఆయన వేడి లెక్క మెసేజ్ పెట్టాడు. ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు, మళ్లీ ముప్ఫై మూడు. సాయంత్రం రోడ్డు చక్రాలు వేసుకుని, మర్నాడు ఇంటికి చేరాడు. సోమవారం షాపుకు వచ్చి నవ్వుతూనే మాట్లాడాడు. ఇకమీదట కార్డులో ఒకటి, గేజులో ఒకటి కనిపిస్తే గేజునే నమ్ముతానన్నాడు. మా ఆయన దూరం పోయే బండి దేన్నీ నన్ను ముట్టనివ్వడం లేదు. వారం రోజులు అలిగాను. అలకలో కూడా పక్కనే నిలబడి గేజు చూస్తూనే ఉన్నాను.

కథ ఇంతటితో అయిపోతే నవ్వుకుని పడుకునేదాన్ని. కానీ మంగళవారం ధనశ్రీ ఫోన్ చేసింది. టైరు పాతదైతే పైకి ఎలా తెలుస్తుందండీ అని అడిగింది. చెప్పాను. బుధవారం మళ్లీ చేసింది. వేడికి రబ్బరు ఊడి వస్తుందా అంది. శుక్రవారం చేసి, వంశీ ఆఫీసు నుంచి బయల్దేరి గంటయింది, ఉప్పల్‌లో ట్రాఫిక్ ఎలా ఉందో మీకేమన్నా తెలుసా అంది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నాదే. ఇదివరకు ఆయన ట్రాక్‌కు వెళ్తే ఆ అమ్మాయి హాయిగా సినిమా చూసి పడుకునేదట. టైర్లు నల్లగా ఉంటాయని తప్ప ఏమీ తెలియని పిల్లకు కూర్చోబెట్టి అన్నీ నేర్పింది నేనే. గాలి ఎక్కువైతే తీసెయ్యవచ్చు. ఇది ఎట్లా తియ్యాలో నాకు తెలియదు. తెలిస్తే ముందు నాకే తీసుకునేదాన్ని.

ఈ శనివారం వంశీ సార్ మళ్లీ ట్రాక్‌కు వెళ్తున్నాడు. చక్రాలకు మా ఆయనే గాలి పెట్టి, వంశీ సార్ కళ్లెదుటే గేజు చూపించి, వ్యాన్ ఎక్కించాడు. ధనశ్రీ దగ్గరికి వెళ్లి కూర్చుందామనుకున్నాను గానీ, గుమ్మంలో నన్ను చూస్తే ఆమెకు సగం ప్రాణం పోతుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. బోడుప్పల్‌లో మీ అపార్ట్‌మెంటు కింద పసుపుపచ్చ పొట్టి కారు నిలిపే చోటు ఉంటే, శనివారం అది ఖాళీగా కనిపిస్తే, నాలుగో అంతస్తుకు వెళ్లి ఒకసారి తలుపు తట్టండి. కరివేపాకు కావాలనండి, ఏదో ఒకటి అనండి. టైర్ల మాట ఎత్తకండి. పొద్దుటినుంచి ఏమన్నా తిన్నదో లేదో కనుక్కుని, తినకపోతే కాసేపు పక్కన కూర్చుని తినిపించి రండి.