లోవెల్ పేరున బెంచీ

అమెరికాలోని మిస్సోరీలో ఏటి ఒడ్డునున్న ఆ చిన్న పార్కుకి, చనిపోయినవాళ్ళ పేరున ఎవరో ఒకరు బెంచీ ఇస్తూనే ఉంటారు. పందొమ్మిదేళ్ళుగా వాటిని నేలకి బిగించేది అడెల్ ప్రూయెట్. గడ్డి కోసేదీ, జనం వండుకునే పొయ్యిల్లో బూడిద ఎత్తేదీ కూడా ఆమే.

ఆ రోజు పడవలు దించే రేవు దగ్గర కొత్త బెంచీకి మూడు బోల్టులు బిగించి, దాని ఇత్తడి పలక మీద అంటించిన కాగితం ఊడదీసింది.

"లోవెల్ ప్రూయెట్. చేపలిక హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు."

మళ్ళీ చదివింది. కింద వేసిన పుట్టిన సంవత్సరం తన అన్నదే. పోయిన సంవత్సరం ఇదే. చేతిలోని రెంచీ జారి కాలి మీద పడినా ఆమెకి తెలియలేదు.

"ఏమైంది అడెల్?" అన్నాడు ట్రక్కు దగ్గరున్న పార్కు అధికారి హోలిస్.

"మా అన్న పోయాడు," అంది, అదేదో తనని తాను అడుగుతున్నట్టు. "నాకెవరూ చెప్పలేదు."

పదకొండేళ్ళ కిందట తల్లిని పూడ్చిన రోజు, మంచాన పడ్డ మనిషిని ఎవరెంత చూశారన్న దగ్గర అన్నతో మాటా మాటా పెరిగింది. నీ మొహం చూడనంది. చూడలేదు. అతనుండేది గంట దూరంలోనే.

బెంచీ కాగితాల్లో అది ఇచ్చినవాళ్ళ ఫోన్ నంబరుంది. వెంటనే నొక్కింది.

"నేను అడెల్‌ని."

అటువైపు నుంచి ఒక ఆడగొంతు పలికింది. "నేను మార్వాని. మీ వదినని. ఆరేళ్ళయింది మా పెళ్ళయి."

పెళ్ళి సంగతి కూడా తెలియదు అడెల్‌కి.

"ఒక్క మాట చెప్పకూడదూ?" అని అరిచింది.

"చెప్తానంటే ఒప్పుకోలేదమ్మా. 'పిలిస్తే అది రాదు, మొండిఘటం. బెంచీ అయితే చచ్చినట్టు తనే బిగించాలి,' అన్నాడు. ఆసుపత్రిలో పడుకుని పలక మీద ఆ రాత కూడా తనే రాయించాడు."

నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి అడెల్ గొంతులోంచి వచ్చింది. హోలిస్ పరుగున వచ్చి భుజం పట్టుకున్నాడు.

"వదినా," అంది చివరికి. ఆ మాట నోటికి కొత్తగా ఉంది. "శనివారం రాగలవా?"

"వస్తాను. తిండి నేనే తెస్తాలే. నీ వంట గురించి చాలా చెప్పాడు."

ఫోను పెట్టేసి అడెల్ గడ్డిలోనే కూలబడింది. పక్కనే బెంచీ ఉన్నా దాని మీద కూర్చోలేకపోయింది. మిగిలిన బోల్టు హోలిస్ బిగించాడు.