అటక లేని ఇల్లు

మా బావ ఆర్కిటెక్టు. ఊరి శివార్లలో ఆయన కట్టించిన కాలనీల్లో ఇళ్లన్నీ తెల్లగా, నున్నగా, సబ్బుబిళ్లల్లా ఉంటాయి. ఏ ఇంట్లోనూ అటక మాత్రం ఉండదు.

"అటక ఉంటే మనిషి చెత్తంతా దాస్తాడు. చోటు లేకపోతే వాడే పారేస్తాడు" అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని మరీ చెప్పేవాడు. ఆ ఇంటికీ అటక ఉండదు లెండి.

జనం మాత్రం ఏదీ పారేయలేదు. సూట్‌కేసులు మంచాల కిందికి, కుట్టుమిషన్లు వరండాల్లోకి చేరాయి. మా అక్కయితే పాత పరుపును భోజనాల బల్ల కిందికి తోసి, వచ్చినవాళ్ల కాళ్లకి మెత్తగా ఉంటుందని దబాయించేది.

మొన్న బావ రిటైరయ్యాడు. ఆయన గీసిన ప్లాన్ల చుట్టలు, అట్టలతో చేసిన కాలనీ నమూనాలు, సన్మానాల షీల్డులు ఆఫీసు నుంచి వ్యాన్ నిండా వచ్చాయి. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చోటు లేదు. పారేయండి."

బావ ముఖం మాడిపోయింది.

వారం తిరక్కుండానే నేను వెళ్లి చూద్దును కదా, హాల్లో వడ్రంగి నిచ్చెనెక్కి గోడకు పైన చెక్కలు బిగిస్తున్నాడు. బావ కింద బుద్ధిమంతుడిలా నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. మరదల్ని, ఊరుకుంటానా?

"ఏంటి బావా, అటకే! మరి మీ సిద్ధాంతం ఏమైంది?"

ఆయన నోరు విప్పేలోపే వంటింట్లోంచి అక్క గొంతు వినబడింది.

"అటకెక్కడానికి సిద్ధంగా ఉందే. ముందు మేకులు గట్టిగా దిగనీ!"