ఇద్దరికీ ఒకే జనన పత్రం

అమ్మ పోయిన రోజు పొద్దున కూడా ఆ బిడ్డ గురించే అడిగింది. "వాణ్ణి ఎక్కడ పెట్టారో మీ నాన్న చెప్పనే లేదే" అంది. దర్జీ పని చేసే కూతురు ఆమె పెదవులకు తడిగుడ్డ అద్దుతూ, "నేను కనుక్కుంటాలేమ్మా" అని మాటిచ్చింది. మధ్యాహ్నానికి అమ్మ లేదు.

పిన్నికి తెలిసింది పిడికెడు. తొలిచూలు మగబిడ్డ. ఆసుపత్రిలో పుట్టి, వారం తిరక్కుండానే పోయాడు. అమ్మ అప్పుడు జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. నాన్న ఒక్కడే బిడ్డను గుడ్డలో చుట్టుకుని వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఎక్కడ పెట్టావు బావా అంటే గోడవైపు తిరిగి పడుకునేవాడమ్మా. ఇంకేం అడుగుతాం?" అంది పిన్ని. నాన్న కూడా పోయి చాలా కాలమైంది.

శ్మశానం కాపరి నోటి దురుసు మనిషి. "పసిపిల్లల వరసలు ఆ గోడవారనే. పేర్లుండవు, నంబర్లే. పాత పుస్తకం తియ్యాలంటే మరణ పత్రం తేవాలి. ఊరికే తీస్తే రేపు ఊరంతా వచ్చి మా తాతేడీ అంటారు" అన్నాడు.

జనన మరణాల ఆఫీసులో, కిటికీ వెనక గుమస్తా ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"పేరు?"

"పెట్టలేదండీ."

"పేరు లేనివాణ్ణి ఏమని వెతకనమ్మా? సరే, తండ్రి పేరు చెప్పండి."

మరణాల్లో ఆ ఏడాది చూసింది, ఆ మరుసటి ఏడాదీ చూసింది. ఏమీ లేదు. జననాల్లో మాత్రం దొరికింది. ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది.

"పేరు లేదన్నారే? బడిలో వేసేటప్పుడు చేర్పించారు" అంటూ చదివింది. అది అన్నయ్య పేరు. "ఈయన ఉన్నారా?"

"ఉన్నాడండీ. బస్సు నడుపుతాడు."

అన్నయ్య పుట్టింది ఆ బిడ్డ పోయిన రెండేళ్ళకు. అతని జననం ఎంత వెతికినా లేదు. ఆ బిడ్డ పోయినట్టు నాన్న ఈ ఆఫీసులో చెప్పనేలేదు. ఆ బిడ్డ జనన పత్రం ఇంట్లో ఊరికే పడి ఉంది. పెద్దాడి చొక్కా చిన్నాడికి తొడిగినట్టు, దాన్నే అన్నయ్యకు పెట్టి బడిలో వేశాడు.

గుమస్తా గొంతు తగ్గించింది. "ఆ బిడ్డ పోయాడని ఇప్పుడు రాయించాలంటే ముందు ఈ పేరు కొట్టేయించాలి. దానికి మీ అన్నగారే సంతకం పెట్టాలి. ఆయన పుట్టిన తేదీ మారుతుంది. ఆలోచించుకోండమ్మా."

బస్సు డిపో బల్ల మీద కూర్చుని అన్నయ్య అంతా విన్నాడు. ముందు నవ్వాడు. "డిపోలో అందరూ ముసలోడా అంటుంటే వెక్కిరిస్తున్నారనుకున్నా. నన్ను నిజంగానే రెండేళ్ళు ముసలోణ్ణి చేశాడన్నమాట నాన్న!" తర్వాత ఆమె ఆఫీసు నుంచి తెచ్చిన అర్జీ చూసి దూరంగా తోశాడు. "వచ్చే ఏడు నాకు పింఛను రావాలి. ఇప్పుడు తేదీ తప్పని నేనే రాసిస్తే ఊరుకుంటారా? కొరివితో తల గోక్కోమంటావా?"

"అమ్మకు మాటిచ్చానన్నయ్యా."

"అమ్మ పోయింది. వాడూ పోయాడు. నేనున్నానే! నా పిల్లలున్నారు."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఆమె అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంది.

"వాడికి ఏం పేరు పెడదామనుకున్నారట?" అడిగాడు.

"ఏమీ అనుకోలేదట. పిన్ని చెప్పింది."

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుని, బస్సెక్కి, వెళ్ళిపోయాడు.

అర్జీ ఆమె కుట్టుమిషను సొరుగులో ఉంది. అన్నయ్య సంతకం ఇంకా పడలేదు. శ్మశానంలో పాత పుస్తకం ఎవరూ తెరవలేదు. బిడ్డ ఏ వరసలో ఉన్నాడో ఆమె ఇంకా కనుక్కోలేదు.