ఎగ్జిట్ పడినవాళ్ళదే మొదటి టీం

సోమవారం నాడు కాలేషా తన భార్య హాజిరాకూ, కూతురు అయేషాకూ ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగిరాకుండా సౌదీ వదిలిపోయే వీసా, పెట్టాడు. ఫోన్లో నాలుగు నొక్కుళ్ళతో ఆ పని అయిపోయింది. అయేషాకు చెప్పడం మాత్రం మంగళవారం కాలేదు, బుధవారం కాలేదు, గురువారమూ కాలేదు. శుక్రవారం వచ్చేసింది. తండ్రికి నోరు పెగలనప్పుడు వారానికి ఏడు రోజులున్నా ఒకటే, డెబ్బై ఉన్నా ఒకటే.

ప్రొద్దుటూరు నుంచి జెద్దాకు వచ్చి పదిహేడేళ్ళు. అందులో పధ్నాలుగేళ్ళు సెల్‌ఫోన్ రిపేరు మీదే బతికాడు. ఆ దుకాణాల్లో ఇక సౌదీలే పనిచేయాలని ఉత్తర్వు వచ్చాక ఒక టైర్ల గోదాములో చేరాడు. జీతం సగమైంది. కిందటేడు కుటుంబాల మీద తలపన్ను వేశారు, ఈ జులై నుంచి అది రెట్టింపు. అద్దె, బడి ఫీజు, తలపన్ను మూడూ కట్టుకుని భార్యాబిడ్డల్ని దగ్గర ఉంచుకోవడం అతని తరం కాదు. తను ఉండాలి, వాళ్ళు పోవాలి. అంతే సంగతి. అంతే సంగతిని చెప్పడానికే అతనికి చేతకావడం లేదు.

"నేను చెప్పను," అని హాజిరా ముందే తేల్చేసింది. "దానికి నువ్వంటే పానం. నువ్వు రాకుండా మేం పోతాండామని నా నోటితో ఎట్ల చెప్పేది? నువ్వే చెప్పాల."

"ఈ పొద్దు చెప్తాలే, బ్రేక్‌కు పోయేటప్పుడు," అన్నాడు కాలేషా.

బ్రేక్ అంటే వాళ్ళ జట్టు నెలకోసారి చేసుకునే సంబరం. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మ కార్డులు సీలు వేసిన ప్యాకెట్లలో వస్తాయి. ఏ ప్యాకెట్లో ఎవరున్నారో దేవుడికే తెలియాలి. ఆ ప్యాకెట్ల బాక్సులుండే కేసు మొత్తం ఒక్కడే కొనాలంటే మాటలు కాదు కాబట్టి తొమ్మిది మంది కలిసి కొంటారు. ముందుగా టీంలు పంచుకుంటారు. తర్వాత అందరి ముందూ కేసు విప్పుతారు. ఏ టీం ఆటగాడి కార్డు వస్తే ఆ టీం తీసుకున్నవాడికి ఆ కార్డు. అది రూపాయి కార్డయినా, లక్ష కార్డయినా తిరుగులేదు. విప్పే పని మొదటినుంచీ కాలేషాదే. సెల్‌ఫోన్లు విప్పిన వేళ్ళు, కార్డు మూల నలగదు. తండ్రి పక్కన కూర్చుని ప్రతి కార్డునూ ప్లాస్టిక్ తొడుగులో పెట్టే పని అయేషాది. తొమ్మిది మందిలో ఆ పిల్లా ఒక సభ్యురాలు.

లోకంలో అందరూ టీంలను లాటరీ తీసి పంచుకుంటారు. వీళ్ళు తెలుగువాళ్ళు కదా, దీన్నీ చీటీల వ్యవహారంలోకి దింపేశారు. ఊళ్ళో ఎవరికైనా ఆపద వస్తే పాట లేకుండా మొదటి చీటీ వాళ్ళకే ఇచ్చేయడం ఉంటుందే, అలాగ. సౌదీ ఉద్యోగులు చాలక నిజామాబాద్ దేవన్న కంపెనీ సర్కారు రెడ్ జాబితాలో పడి అతనికి ఎగ్జిట్ కొట్టినప్పుడు, జగిత్యాల నాగేందర్ లేచి, "పోయెటోడు పోతున్నడు, మొదటి టీం గాడే తీస్కోనీ," అన్నాడు. అప్పటినుంచీ అదే కట్టుబాటు. ఎగ్జిట్ పడినవాళ్ళు నచ్చిన టీం ముందు తీసుకుంటారు, మిగతావాళ్ళకు చీటీలు. నీళ్ళ ట్యాంకర్ నడిపే ఓబులయ్య ఒకసారి "నాకూ పడేటట్టుంది" అని నమ్మించి అర్జెంటీనా కొట్టేశాడు. రెండేళ్ళయింది, ఆ మహానుభావుడు ఇంకా జెద్దాలోనే ట్యాంకర్ తోలుతున్నాడు. ఆ దెబ్బతో ఎగ్జిట్ కాగితం బల్ల మీద పెట్టాలనీ, చీటీలు తీసే ముస్తాక్ దాన్ని పైకి చదవాలనీ ఇంకో నిబంధన వచ్చింది.

ఆ కట్టుబాటే కాలేషాకు దారి చూపించినట్టు అనిపించింది. ఈసారి కేసు ప్రపంచకప్‌ది, ముప్పై రెండు దేశాలది. అయేషాకు బ్రెజిల్ అంటే పిచ్చి. రెండేళ్ళలో ఒక్కసారీ చీటీలో రాలేదు. ఎగ్జిట్ సంగతి అక్కడే చెబితే బ్రెజిల్ తన చేతికి వస్తుంది, ఆ సంతోషంలో ఈ దుఃఖం కొంత తెలియకుండా పోతుంది. మందు చేదు తెలియకుండా బెల్లంలో పెట్టి మింగించినట్టు అనుకున్నాడు. ముస్తాక్ ఉండే అజీజియాకు కూతురితో వెళ్ళే దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. జేబులో కాగితాలు మాత్రం ఉన్నాయి.

ముస్తాక్ ఇంటి హాల్లో జుమ్మా తర్వాత అందరూ చేరారు. ముస్తాక్ హైదరాబాద్ మనిషి, ఒక ఆఫీసులో పద్దులు రాస్తాడు. చీటీల డబ్బా ఊపుతూ ఎప్పటిలాగే అడిగాడు.

"ఎవరికన్నా ఎగ్జిట్ పడ్డదా?"

"మా ఇంట్లో పడింది," అన్నాడు కాలేషా.

అయేషా తొడుగుల కట్ట పట్టుకుని తండ్రి వైపు తిరిగింది. "మనకా నాయనా?"

"అవునమ్మా. నువ్వే ముందు తీసుకో. నీకేది కావాలో అది తీసుకో."

ఆ పిల్ల ముఖంలో రంగు పోయి, మళ్ళీ మెల్లగా వచ్చింది. బడి, స్నేహితురాళ్ళు, పుట్టిన జెద్దా అన్నీ కళ్ళ ముందు ఒకసారి తిరిగి ఉండాలి. అయినా తమాయించుకుంది. అందరమూ కలిసే పోతాం కదా అన్న ధైర్యం అది. ఆ ధైర్యాన్ని కాలేషా చూశాడు. చూసి కూడా నోరు విప్పలేదు.

"అయితే బ్రెజిల్," అంది.

"శభాష్ బిడ్డా!" అన్నాడు నాగేందర్.

కాలేషా కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఇంతకాలం ఈ జట్టులో ఎగ్జిట్ అంటే మగవాడు పోవడమే, లేదా అందరూ కలిసి పోవడమే. పిల్లలు పోయి తండ్రి మిగలడం ఇంతవరకూ జరగలేదు. అందుకే ముస్తాక్ ఏ అనుమానమూ లేకుండా మడత విప్పి, నిబంధన ప్రకారం పైకి చదివాడు. హాజిరా పేరు. అయేషా పేరు. మూడో కాగితం కోసం మడతలన్నీ వెతికాడు.

"రెండే ఉన్నయ్ కాలేషా భాయ్. నీది ఏది?"

కాలేషా తల వంచుకున్నాడు. "నాది లేదు," అన్నాడు. "నేను ఈడనే ఉంటా."

అప్పుడు అతనికి తెలిసింది తాను చేసిన పనేమిటో. ఏడుగురు పరాయి మగవాళ్ళ ముందు, తప్పించుకుని పోవడానికి తనదంటూ ఒక గది కూడా లేని చోట, తన బిడ్డ గుండె మీద రాయి వేశాడు. చేదు ఏమాత్రం తగ్గలేదు. బెల్లం కూడా పాడైంది. తన మీద తనకు అసహ్యం పుట్టింది.

అయేషా ఏడవలేదు. బల్ల మీది రెండు కాగితాలనూ మడిచి పెట్టింది. తర్వాత ముస్తాక్‌తో చెప్పింది.

"అంకుల్, బ్రెజిల్ కొట్టేయండి. సౌదీ రాయండి."

"అరె, గది మొదటి మ్యాచ్‌లనే ఐదు గోల్స్ తిన్న టీం బిడ్డా," అన్నాడు నాగేందర్. "దాన్నెవ్వరూ అడుగరు. బ్రెజిల్ ఉంచుకో."

"మా నాయన ఉండేది ఈడనే కదా," అంది అయేషా.

జగిత్యాలలో నాగేందర్‌కూ ఒక కూతురుంది. చూసి మూడేళ్ళయింది. లేచి వంటింట్లోకి పోయి నీళ్ళు తాగివచ్చాడు.

మిగిలిన టీంలకు చీటీలు తీశారు. కాలేషా కేసు విప్పాడు. ప్యాకెట్ చించడం, కార్డు కూతురికి అందించడం, ఆమె తొడుగులో పెట్టడం, ముస్తాక్ దేశం పేరు చదవడం. ఎప్పుడూ నవ్వులతో సాగే పని ఆ పూట చావింట్లో జనాజా ముందు కూర్చున్నట్టు జరిగింది. ఆరో బాక్సులో బంగారు అంచు కార్డు వచ్చింది. లోకం మొత్తం మీద అలాంటివి పదే ఉంటాయట. బ్రెజిల్‌ది. చీటీలో బ్రెజిల్ ఓబులయ్యకు పడి ఉంది. అబద్ధం చెప్పి అర్జెంటీనా తీసుకున్న ఆ మనిషే కార్డును రెండు చేతులా పట్టుకొచ్చి అయేషా ముందు పెట్టాడు.

"తీసుకో పాపా. నాకెందుకు ఇది?"

"మీ టీంది మీకే మామా," అని ఆ పిల్ల వెనక్కి జరిపింది.

సౌదీవి ఏడు కార్డులు వచ్చాయి. అన్నీ మామూలువే. ఏడింటినీ తొడుగుల్లో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, అందరికీ సలాం చెప్పి, చెప్పులు వేసుకుంది.

కారులో నిప్పులు పోసినట్టుంది వేడి. తలుపు మూసుకోగానే అయేషా ఏడుపు కట్టలు తెంచుకుంది. కాలేషా తాళం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఆడ అందరి ముందర ఎందుకు చెప్పినావు నాయనా?"

"ముందుగా ఎంచుకుంటే సంతోషపడతావనుకున్నా తల్లీ. నాకు తెలీలా."

"ఇంట్లో చెప్పింటే అమ్మ పక్కన పండుకోని ఏడ్చుకునేదాన్ని. ఆడ ఎవరి పక్కన ఏడ్వాల నేను?"

కాలేషా చెయ్యి చాచి ఆ పిల్ల తలను భుజానికి ఆనించుకున్నాడు. తనకూ కళ్ళు ఆగలేదు.

"ఈడ ఏడ్చుకో అమ్మా," అన్నాడు. "నేనుండా కదా."

"ఇప్పుడుండావులే," అంది అయేషా.